గోడకేసి తిరిగిన కొయ్యమొహం

మొహాల బడి పైమేడ సంగతి మా రేవులో ఎవర్నయినా అడగండి. ముందు ముక్కు మూసుకుంటారు, ఆ తర్వాతే నోరు విప్పుతారు.

పొద్దుగూకాక ఆ వీధిలో మనిషి నడిచేవాడు కాదు. చేపల బజారు ముగించుకుని ఇళ్ళకెళ్ళే ఆడవాళ్ళు ఉప్పుమళ్ళ గట్టు మీంచి చుట్టూ తిరిగి పోయేవాళ్ళు గానీ, బడి వెనకగోడ పక్కనించి మాత్రం పోయేవాళ్ళు కారు. రిక్షావాళ్ళు మలుపు దగ్గరే దింపేసి, ఇక నీ కాళ్ళు నీవి అనేవాళ్ళు.

ఎందుకంటే... పైమేడలో ఎవరో ఉన్నారు.

కిటికీలు లేని మేడ అది. గోడకి పైన ఒకే ఒక్క కన్నం. చీకటి పడితే చాలు, ఆ కన్నంలోంచి గుసగుసలు. గుసగుసల మధ్య నాలుక అంగిటికి కొట్టినట్టు — టక్... టక్... టక్. వీటన్నిటికీ పైన ఆ కంపు. ఎండురొయ్యల గోతంలో పిల్లి ఉచ్చపోస్తే, ఆ గోతాన్ని వానాకాలమంతా మూటగట్టి పెడితే ఎలా ఉంటుందో అలా ఉండేది. మేడమీద జరిగిన కథ నేను విన్నదే, బడికి కాపలా ఉండే మాంగ్ తర్ముది, అంటే తర్ముది బాబాయి, చెప్పగా విన్నాను. కంపు మాత్రం వినలేదు. స్వయంగా పీల్చాను, ఇప్పటికీ తల్చుకుంటే అన్నం సయించదు.

ఆ బడి డచ్చి దొరల కాలంలో కట్టింది. చక్కెర మిల్లు దొర ఒకడు కట్టించి పోతే, తర్వాత మనవాళ్ళు దాన్ని ఆటాపాటా నేర్పే బడిగా మార్చుకున్నారు. ఎర్ర పెంకులు, టేకు దూలాలు, నాలుగు పక్కలా గాలాడే మంటపం. మధ్యాహ్నం ఎండ మండిపోతున్నా ఆ నేల మీద పడుకుంటే నిద్ర ముంచుకొచ్చేది.

అక్కడ నేర్పేది కొయ్యమొహాల ఆట. మా మొహాలకి తాళ్ళుండవు. లోపలివైపు ఒక తోలునాలుక ఉంటుంది. దాన్ని పళ్ళతో కరిచి పట్టుకుంటేనే మొహం నిలబడుతుంది. ఆట అయ్యేదాకా నోరు విప్పకూడదు. ఉమ్మి ఊరితే గడ్డం మీంచి కారనివ్వాల్సిందే. ఒక గురువు కరిచిన తోలునే ఆవిడ పోయాక శిష్యురాలు కరవాలి. ఆ తోలు మీద పాత పంటిగాట్లు ఉంటాయి, కొత్త పళ్ళు ఆ గాట్లలోనే కూచోవాలి. బయటివాళ్ళకి ఇది రోతగా ఉంటుంది. మాకు మాత్రం అదే చదువు, అదే పట్టా.

అలాంటి బడిని బాగుచేస్తానని బయల్దేరాడు పాక్ దార్సోనో. పాక్ అంటే మా వైపు అయ్యగారు అన్నట్టు; బడి ట్రస్టుకి పెద్ద ఆయన. ఇస్త్రీ బాతిక్ చొక్కా, మెత్తటి మాట. పాతబడిన బడిని నవీనం చేస్తాను, ఇంకో అంతస్తు లేపుతాను, పిల్లలకి పెద్ద సాధనశాల కడతాను అని ఇంటింటికీ తిరిగాడు. మా ఆడవాళ్ళు చేతిగాజులు తీసి ఇచ్చారు.

ఏం బాగుచేశాడో చెప్తాను, వినండి. గాలాడే మంటపానికి నాలుగు పక్కలా అద్దాలు బిగించి లోపల ఏసీ పెట్టాడు. అది ఎప్పుడూ నీళ్ళు కారుతూ ఉండేది. పాదాలకి అలవాటైన గచ్చు తవ్వేసి మెరిసే టైల్సు వేశాడు. వాటిమీద పిల్లలు ఆడబోయి మోకాళ్ళు పగలగొట్టుకున్నారు. నూరేళ్ళ టేకు దూలాలకి బంగారు రంగు పూయించాడు. ఛీ. దూలానికి రంగేమిటండీ, తద్దినపు భోజనానికి బ్యాండు మేళంలాగ.

పని నడుస్తున్నన్నాళ్ళూ మిమి తాస్వి వసారాలో కూచుని చూస్తూ ఉండేది. మిమి అంటే మా వైపు అమ్మ అని. బడిలో అందరికీ ఆవిడ మిమియే. పాంజీ ఆటలో ఆవిడకి సాటి లేరు. పాంజీ అంటే తెల్లటి మొహం, దించిన కళ్ళు. వెనక వాద్యాలు ఊరెత్తిపోయేలా మోగుతుంటే ఆడేమనిషి కదిలీ కదలనట్టు ఉండాలి. మిమి పాఠం చెప్పేటప్పుడు చేత్తో తాళం వేసేది కాదు. బుగ్గలో ఆకూ వక్కా కుక్కుకుని నాలుకతోనే టక్ టక్ మని లెక్క పెట్టేది. తప్పడుగు వేస్తే నాలుక ఆగిపోయేది. ఆ నిశ్శబ్దానికి పిల్లలకి చెమటలు పట్టేవి.

కొత్త టైల్సు మీద మిమి ఎర్రగా తుపుక్కున ఊసిన రోజు నాకింకా గుర్తుంది.

"ఏమిటిది మిమీ" అన్నాడు దార్సోనో, రుమాలు తీస్తూ.

"చూస్తున్నా. అంటుతుందా లేదా అని," అంది మిమి. "అంటలేదు. ఇక్కడేదీ అంటదు నాయనా."

పని సగంలో ఉండగానే ఆవిడ మంచం పట్టింది. పైమేడ పూర్తయ్యేసరికి పోయింది.

ఆవిడ శిష్యురాలు కస్విని. నలభై దాటిన మనిషి, పెళ్ళీ పిల్లలూ లేరు, బడే ఇల్లు. చివరి నెలల్లో మిమిని కడిగింది, తుడిచింది, పక్కబట్టలు మార్చింది. పోయేముందు మిమి ఆమె చెయ్యి పట్టుకుని ఒకే మాట అంది: "నా మొహం నీ నోటికే."

మా పద్ధతి ఒకటుంది. గురువు పోయాక వెయ్యోరోజు సంతర్పణ దాకా ఆ మొహాన్ని ఎవరూ ముట్టుకోరు. ఎత్తున, దూలం కింద, గోడకేసి తిప్పి వేలాడదీస్తారు. దాని లోపలిపక్క, అంటే గురువు మొహం ఉండే చోట, వెలుతురు పడకూడదు. వెయ్యోరోజు ముందటి రాత్రి వారసురాలు దీపం లేకుండా వెళ్ళి, చీకట్లోనే దాన్ని దించి, చీకట్లోనే తోలు కరవాలి. పళ్ళు తోలు మీద కూచున్నాకనే వెలుతురు. తెల్లారి అందరి ముందూ ఆడాలి. ఆడలేకపోతే ఆ మొహాన్ని గురువు సమాధి పక్కన పాతిపెట్టేస్తారు. ఆ ఆట, ఆ చెయ్యి, ఆ వరస అంతటితో సరి.

అందుకే కస్విని దార్సోనో దగ్గరికి వెళ్ళి అడిగింది. "పాక్, పాత మొహాలగది పడగొట్టేశారు కదా. మిమి మొహానికి కొత్త మేడలో ఒక మూల ఇప్పించండి. వెలుతురు రాని మూల."

ఆయన కళ్ళు చెమ్మగిల్లాయట. "ఒక మూల ఏమిటి కస్విని? మేడంతా ఆవిడకే ఇస్తాను. పిల్లలు కింద ఆడుకుంటారు."

ఆ మాట ఊరంతా చెప్పుకుని మురిసిపోయింది. వారంలో పైమేడ కిటికీలన్నీ ఇటుకలతో పూడ్చేశారు, గాలికని ఒక కన్నం ఉంచారు. కస్విని మొహాన్ని దూలం కింద వేలాడదీసి దిగాక తలుపుకి తాళం వేశారు. మొహం అక్కడే ఉండిపోయింది. సాధనశాల లేక పిల్లలు నడవలో ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళు తొక్కుకుంటూ ఆడారు. అయినా ఎవరూ నోరెత్తలేదు. చనిపోయిన మనిషికి ఇచ్చిన చోటు గురించి ఎవరు నోరెత్తుతారు?

కొన్నాళ్ళకి ఆ గుసగుసలు మొదలయ్యాయి. తర్వాత కంపు. ఆపైన టక్ టక్.

టక్ టక్ విన్ననాడు బడి పిల్లలంతా ఏడుపు లంకించుకున్నారు. ఆ లెక్క ఎవరిదో చెప్పక్కర్లేదు వాళ్ళకి.

సంతర్పణకి ముందురోజు దార్సోనో కస్వినిని తన ఏసీ గదిలోకి పిలిచాడు. బల్ల మీద ఒక పాంజీ మొహం ఉంది. ప్లాస్టిక్కులాంటి దేంతోనో పోతపోసింది. తళతళలాడుతోంది.

"రేపు ఆటకి ఇది వాడండి," అన్నాడు. "బరువుండదు. కడిగేసుకోవచ్చు."

కస్విని తిప్పి చూసింది. లోపల తోలు లేదు. రెండు చెవుల దగ్గరా తెల్ల ఎలాస్టిక్కు కుట్టి ఉంది.

"ఇదేమిటి పాక్?"

"ఎలాస్టిక్కు. కరవక్కర్లేదు. కొత్త కోర్సు నిండా ఇవే. ఇంకొకరి ఎంగిలి తోలు కరవడమేమిటి చెప్పండి, ఏ తల్లీతండ్రీ పిల్లల్ని పంపుతారు?"

"మరి మిమి మొహం?"

ఆయన గొంతు తగ్గించాడు. "కస్విని... మీకు తెలియంది ఏముంది. పైన ఆవిడ శాంతంగా లేదు. తలుపు తెరిస్తే మీకేమైనా అయితే? ఎల్లుండి నేనే మనుషుల్ని పెట్టి, మొహాన్ని పద్ధతిగా సమాధి దగ్గర పాతిపెట్టిస్తాను. మీరు పైకి మాత్రం వెళ్ళకండి."

కస్విని ఆ ఎలాస్టిక్కు మొహం బల్ల మీద పెట్టేసి, చేతులు పావడాకి తుడుచుకుంటూ బయటికొచ్చింది. మేడమీది కంపు కంటే ఆ కొత్తరంగు వాసనే ఎక్కువ రోత పుట్టించిందని తర్వాత చెప్పుకుంది.

ఆ రాత్రి గేటు దగ్గర మాంగ్ తర్ముది లవంగం సిగరెట్టు కాలుస్తూ కూచున్నాడు. కస్విని వచ్చి ఎదురుగా నిలబడింది. చేతిలో కొబ్బరికాయలు కొట్టే కత్తి ఉంది.

"నొక్... ఎటు?" అన్నాడు. ఆయనకి ఆమె ఇంకా చిన్నపిల్లే. మా వైపు ఆడపిల్లని నొక్ అనే పిలుస్తారు.

"పైకి."

ఆయన సిగరెట్టు పారేశాడు. "వద్దు. పాక్ దార్సోనో గట్టిగా చెప్పాడు. పోయినవారం కూడా ఆయన మనుషులు తెల్లవారకముందే వచ్చి పైన ప్రార్థన చేసి వెళ్ళారు. ఎప్పుడొచ్చినా చేస్తూనే ఉన్నారు, ఆవిడ దిగిపోవట్లేదు."

"ప్రార్థనకి ఏం తెచ్చుకున్నారు?"

"గోతాలు. నిచ్చెన."

"గోతాలెందుకు మాంగ్?"

"నేనడగలేదు. దెయ్యాన్ని పట్టే వాళ్ళని లెక్కలడుగుతామా?"

ఇక్కడ నాకు ఒళ్ళు మండుతుంది. రోజూ సాయంత్రం ఆ కన్నంలోకి పిట్టలు పోవడం ఈయన కళ్ళారా చూశాడు. పిట్టలు కూడా మిమిని పలకరించి పోతున్నాయని బజార్లో చెప్పి కన్నీళ్ళు తుడుచుకున్నాడు. మేమూ తుడుచుకున్నాం. చచ్చిపోయిన గురువు మీద భక్తి ఉంటే కళ్ళూ ముక్కూ గుమ్మం బయట వదిలేసే జాతి మాది.

"తాళం పగలగొడతాను," అంది కస్విని. "నువ్వు చూడలేదు."

"నేను చూడలేదు," అన్నాడాయన. అని, చూడకుండా ఉండడానికి నిజంగానే గోడవైపు తిరిగి కూచున్నాడు.

మెట్లు ఎక్కుతుంటే కంపు ఎదురొచ్చింది. ముందు ముక్కులో, తర్వాత గొంతులో, తర్వాత కళ్ళల్లో. కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోయాయి. చివరి నెలల్లో మిమి గది వాసన... అదే వాసన, అంతకు పదింతలు.

ఇంతలా కుళ్ళిపోయావా మిమీ అనుకుంది. అనుకున్నందుకు చెంపలు వేసుకుంది.

రెండు దెబ్బలకి తాళం ఊడింది. తలుపు తోసింది. సెల్‌ఫోను జాకెట్టులో దోపి ఉంది, వెలిగించలేదు. వెలుతురు పడకూడదు.

లోపల... చీకటి వేడిగా ఉంది. తడిగా ఉంది.

కాలు పెట్టింది. నేల మెత్తగా దిగింది.

చెప్పు ఊడి అందులోనే ఉండిపోయింది. వట్టికాలు మోపింది. చద్దిపిండిలో దిగినట్టు వేళ్ళ సందుల్లోంచి పైకి వచ్చింది అది. దానిమీద ఏవో పాకుతున్నాయి. ఒకటి మడమ ఎక్కింది, ఇంకొకటి పిక్క దాకా పోయింది. విదిలించుకోబోతే రెండో చెప్పూ పోయింది.

నెత్తి మీద ఏదో పడింది. చుక్క. వెచ్చగా.

గుసగుసలు నాలుగు పక్కలా ఉన్నాయి. మాటలు కావు, మాటల్లాంటివి. ఎవరో పళ్ళు బిగించుకుని మాట్లాడుతున్నట్టు.

"మిమీ..." అంది గొణుగుతూ. "నేను. కస్వినిని. సెలవియ్యి."

టక్.

చెవి పక్కనే.

టక్... టక్... టక్టక్...

చెంపకి ఏదో తగిలి వెళ్ళింది, మెత్తగా, తడిచేత్తో నిమిరినట్టు. పారిపోవాలనిపించింది. కానీ పారిపోతే ఎల్లుండి గొయ్యి తవ్వుతారు, తనకి ఎలాస్టిక్కు ఇస్తారు. ఆ తెల్ల ఎలాస్టిక్కు గుర్తొచ్చేసరికి భయం కాస్త పక్కకి జరిగింది. గోడ తడుముకుంటూ నడిచింది. గోడ కూడా జిగురుగా ఉంది.

దూలం ఎక్కడుందో తెలియలేదు. ఆ చీకట్లో ఎడమా కుడీ ఒకటే. టక్ టక్ మాత్రం ఒక చోటునించి ఎక్కువగా వస్తోంది. పాఠంలో లాగే అటు అడుగు వేసింది. తప్పటడుగు వేస్తే శబ్దం ఆగినట్టుండేది. సరిదిద్దుకుంటే మళ్ళీ టక్. అలా అలా ఒక పెట్టెకి మోకాలు తగిలింది. మొహం వేలాడదీసిన నాడు తను ఎక్కిన పెట్టే అది.

ఎక్కింది. చేతులు పైకి చాపింది. కొయ్య అంచు తగిలింది. వేళ్ళు లోపలికి పోనిచ్చింది.

తడి.

తోలు దగ్గర... జిగురుగా, చిక్కగా, వేలికి తీగలా సాగింది.

ఉమ్మి.

ఇప్పుడే ఎవరో కరిచి వదిలిన ఉమ్మి.

ఆమె ఒంట్లో రక్తం గడ్డకట్టిందంటాను. ఆమె మాత్రం అలా అనలేదు, ఏడుపొచ్చింది అంది. మిమి ఇంకా ఆడుతోంది, ఈ చీకట్లో, ఈ రొచ్చులో, ఒక్కత్తే ఆడుతోంది అని ఏడుపొచ్చిందట.

మొహాన్ని దించింది. రెండు చేతుల్తో పట్టుకుని కళ్ళు మూసుకుంది. ఆ చీకట్లో మూసినా తెరిచినా ఒకటే. నోరు తెరిచింది. కరిచింది.

పళ్ళ కింద ఏదో చిట్లింది. వెచ్చటి సొన నాలుక మీద కారింది. ఈక ఒకటి అంగిటికి అంటుకుంది. ఏదో పెళుసుగా విరిగి, నానిన కాగితంలా కరిగి, చిగుళ్ళకి పూసుకుపోయింది.

కక్కుకోబోయి ఆగింది. పళ్ళు మాత్రం వదల్లేదు. తోలు దొరికేదాకా కరిచింది. పాత గాట్లు దొరికాయి. పళ్ళు వాటిలో కూచున్నాయి.

అప్పుడు సెల్‌ఫోను వెలిగించింది.

పైకప్పు నిండా అడ్డపలకలు ఉన్నాయి, వరసలు వరసలుగా. పలకల నిండా తెల్లటి చిన్న చిన్న దొప్పలు అతికి ఉన్నాయి. ప్రతి దొప్ప పక్కనా నల్లటి పిట్ట వేలాడుతోంది. వందలు. వెలుతురు పడగానే ఒక్కసారి లేచి టక్ టక్ మంటూ గదంతా తిరిగాయి. దూలానికి నల్ల స్పీకరు ఒకటి కట్టి ఉంది, బయటి పిట్టల్ని రప్పించడానికి అందులోంచి పిట్టల గుసగుస ఆగకుండా వస్తోంది. కింద చీలమండ లోతున రెట్ట. రెట్ట మీద బొద్దింకలు.

గూటిపిట్టలు. ఉమ్మితో గూడు కట్టుకునేవి, చీకట్లో టక్ టక్ మంటూ దారి వెతుక్కునేవి. డబ్బున్నవాళ్ళు ఆ ఉమ్మిగూళ్ళని బంగారం పెట్టి కొనుక్కుని సూపు కాచుకు తాగుతారు. రేవులో అలాంటి కొట్టాలు ఉన్నాయని మాకందరికీ తెలుసు. అవి బడి మీద కూడా ఉండొచ్చని మాత్రం మాకు తట్టలేదు. ఇదీ మన సాధనశాల, గాజులమ్మి కట్టించుకున్న నవీన కళామందిరం. కింద పిల్లలు మోకాళ్ళు పగలగొట్టుకుంటుంటే పైన ఈయన గూళ్ళు కోసుకుంటున్నాడు. పిట్టలకి చీకటి కావాలి. ఆ చీకటిని కస్వినియే వెళ్ళి, చేతులు జోడించి, ఆయన చేతిలో పెట్టింది.

కస్విని చేతిలోని మొహం లోపల, తోలునాలుకని అల్లుకుని ఒక గూడు ఉంది. అంచు విరిగి, గుడ్డు చిట్లి ఉంది. మిగతా గూళ్ళన్నీ తెల్లన. ఇది ఎర్రన.

ఆమె కిందికి దిగి వచ్చి కుళాయి దగ్గర కూలబడింది. ఎంతసేపు పుక్కిలించిందో. మాంగ్ తర్ముది లాంతరు తెచ్చి పట్టుకున్నాడు.

"పిట్టలు మాంగ్. పిట్టలు."

ఆయనకి మొత్తం చెప్పింది. "ఇన్నాళ్ళూ నేను ఆ మెట్ల దగ్గర పూలు పెట్టాను నొక్," అన్నాడు. "పాక్ దార్సోనో రోజూ చూసి నవ్వుతూ వెళ్ళేవాడు." గట్టిగా ఊశాడు. లాంతరు ఆమె నోటి దగ్గరికి తెచ్చాడు. "ఎర్రగా ఊస్తున్నావు. పెదవి తెగిందా?"

"తెగి ఉంటుంది."

తాళాన్ని మళ్ళీ తగిలించి, ఊడలేదన్నట్టు పెట్టారు.

పొద్దున్నే మంటపంలో ఊరంతా కూచుంది. కుప్పగా పోసిన పసుపన్నం, వేయించిన కోళ్ళు, దువా చదివే పెద్దలు. అద్దాలు మూసే ఉన్నాయి, ఏసీ నీళ్ళు కారుతూనే ఉంది. దార్సోనో లేచి నవీనం గురించి, విస్తరణ గురించి చెప్పాడు. మిమి తాస్వి ఆత్మ సంతోషిస్తుందన్నాడు. ఎలాస్టిక్కు మొహాన్ని పళ్ళెంలో పెట్టి కస్విని వైపు చాపాడు.

"నాదగ్గర ఉంది పాక్," అంది కస్విని.

తను తెచ్చుకున్న పెట్టె తెరిచింది. మిమి మొహాన్ని తీసి, లోపలివైపు ఆయనకి కనపడేలా ఎత్తి పట్టుకుంది. కడగలేదు, తుడవలేదు. ఆ అద్దాల గదిలో కంపు ఒక్క క్షణంలో నిండింది. ముందువరస ఆడవాళ్ళు కొంగులు ముక్కుకి పెట్టుకున్నారు. ఇన్నాళ్ళుగా ఏ కంపుకి దండాలు పెట్టారో అదే కంపు.

దార్సోనో మొహం పాలిపోయింది. తర్వాత ఆయన కళ్ళు ఆ ఎర్రగూటి మీద, బజార్లో తెల్లదానికి ఎన్నో రెట్లు ధర పలికే ఆ గూటి మీద, పడ్డాయి. పడి అక్కడే అతుక్కున్నాయి.

ఆయన ముక్కు మూసుకోలేదు. అంతమందిలో ఆయనొక్కడే ముక్కు మూసుకోలేదు. ముందుకి వంగి, రెండు అరచేతులూ గూటి కింద పట్టాడు, పసిబిడ్డ తల కింద పట్టినట్టు.

"మెల్లిగా... మెల్లిగా. పడితే పగిలిపోతుంది."

"ఏది పాక్? మొహమా?"

"మొహం కాదు, అది —"

ఆగాడు. కానీ అప్పటికే అందరూ విన్నారు.

కస్విని బొటనవేలి గోరు గూటి కింద దోపింది. లేపింది. గూడు ఊడి టైల్సు మీద పడి మూడు ముక్కలైంది. దార్సోనో మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఊరు ఊరంతా చూస్తుండగా, ఆ ఇస్త్రీ బాతిక్ చొక్కా గూటితో రాలిన రెట్టలో ఆనుతుండగా, ఒక్కొక్క ముక్కా ఏరి రుమాల్లో పెట్టుకున్నాడు. ఉమ్మి ఏరుకుంటున్న మనిషిని నేను మొదటిసారి చూశాను. మళ్ళీ జన్మలో చూడకూడదు.

మాంగ్ తర్ముది లేచి వెళ్ళి అద్దాల తలుపులన్నీ బార్లా తెరిచాడు. గాలి వచ్చింది.

కస్విని తోలునాలుకని తెల్లగుడ్డతో ఒక్కసారి తుడిచింది, కరిచింది. పెద్ద కంచు గాంగు మోగింది. డోళ్ళు ఊరెత్తిపోయేలా అందుకున్నాయి. ఆమె వాటి మధ్యన కదిలీ కదలనట్టు నిలబడింది. గడ్డం మీంచి ఉమ్మి కారింది. ముసలివాళ్ళు వెక్కి వెక్కి ఏడ్చారు.

దార్సోనో ఆ వారంలోనే ఊరు వదిలాడు. కిటికీల ఇటుకలు పగలగొట్టారు, పిట్టలు ఎగిరిపోయాయి. రెట్ట బస్తాల కొద్దీ మోసి పొలాల్లో పోశారు. ఎంత కడిగినా వానొస్తే ఆ మేడ ఇప్పటికీ కంపుకొడుతుంది. పిల్లలు అక్కడే ఆడతారు, అలవాటు పడ్డారు.

దెయ్యం లేదు, ఏమీ లేదు అని మేమంతా నవ్వుకున్నాం. మాంగ్ తర్ముది మాత్రం నవ్వడు. పైకప్పు గూళ్ళన్నీ గోకింది ఆయనే. ఎన్ని గోకినా తెల్లవే. ఎర్రది ఆ ఒక్కటే. తేమకి, తుప్పుకి అలా ఎర్రబడతాయని రేవులో గూళ్ళు కొనేవాళ్ళు చెప్పారు. అయి ఉండొచ్చు.

కానీ ఆట అయిపోయాక కస్విని మొహం తీసి, గుక్కెడు నీళ్ళు తాగి, మాంగ్ తర్ముదిని పక్కకి పిలిచిందట. రాత్రి చీకట్లో కరిచినప్పుడు నోట్లోకి ముందుగా వచ్చింది గుడ్డు సొన కాదు అంది. ఆకు. సున్నం. వక్క.

పెదవి చూపించింది. ఎక్కడా తెగలేదు. నాలుక చాపింది. మొదలంటా ఎర్రగా పండి ఉంది.

కస్విని పుట్టి బుద్ధెరిగాక ఆకూ వక్కా నోట పెట్టిన మనిషి కాదు.